టీ గ్లాసుడు గాలి: పీల్చే మందును పరీక్షించడం ఎలా

87 మిల్లీలీటర్లు. టీ కొట్టులో ఇచ్చే చిన్న గ్లాసు కూడా దాదాపు ఇంతే పడుతుంది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఎన్సిఫెంట్రిన్ అనే మందును పీలిస్తే, డమ్మీ మందు పీల్చినవాళ్లకన్నా ఒక్క సెకనులో ఇంత గాలి ఎక్కువ ఊదగలిగారని ఎన్‌హాన్స్-1 పరీక్ష తేల్చింది. దాని జంట పరీక్ష ఎన్‌హాన్స్-2లో ఆ తేడా 94. రెండింటిలో కలిపి 1,500 మందికి పైగా పాల్గొన్నారు. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి, 2024 జూన్ 26న అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అక్కడ ఓటువేర్ పేరుతో అమ్ముతున్నారు.

చిక్కు ఏమిటంటే, ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని పది నిమిషాల తేడాతో రెండుసార్లు ఊదితే ఆ రెండు అంకెల మధ్య 150 మిల్లీలీటర్ల తేడా వచ్చినా పరీక్ష సరిగ్గా జరిగినట్టే లెక్క. కొలతలోనే 150 ఊగిసలాట ఉంటే 87ని ఎలా పట్టుకున్నారు? పట్టుకోవచ్చు, అయితే చాలా జాగ్రత్తలు పడాలి. పీల్చే మందుల పరీక్షలు తప్పుదారి పట్టేది ఎక్కువగా మందు వల్ల కాదు. మందు లోపలికి చేరకపోవడం, పోలికకు పెట్టినవాళ్ల దగ్గర ఏదో లాక్కోవడం, మధ్యలో వెళ్లిపోయినవాళ్లను మరిచిపోవడం, ఇవీ కారణాలు.

ముందు మందు సంగతి రెండు ముక్కల్లో. సీఓపీడీలో గాలి గొట్టాలు బిగుసుకుపోతాయి, వాటి గోడల్లో వాపు ఉంటుంది, కఫం పేరుకుంటుంది. కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగితే గొట్టాల కండరం వదులవుతుంది, వాపు రేపే తెల్లకణాల జోరు తగ్గుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు పీడీఈ3, పీడీఈ4. మొదటిది ఎక్కువగా కండరంలో, రెండోది ఎక్కువగా వాపు కణాల్లో పనిచేస్తుంది. ఎన్సిఫెంట్రిన్ రెండింటినీ ఆపుతుంది. పీడీఈ4ని ఆపే మాత్ర రోఫ్లుమిలాస్ట్ ముందే ఉంది, రోజుకి 500 మైక్రోగ్రాములు. కానీ వికారం, విరేచనాలు, బరువు తగ్గడం తట్టుకోలేక ఆపేసేవాళ్లు చాలామంది. అదే పనిని మందు పొట్టలోకి పోకుండా నేరుగా ఊపిరితిత్తుల్లో చేయించగలమా అన్నదే ఈ పీల్చే మందుల వెనకున్న ప్రశ్న.

ఒకే మందు రెండు పనులు చేస్తుంటే పరీక్ష పెట్టేవాళ్లకు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఊదే గాలి పెరిగిందంటే కండరం వదులైందని చెప్పొచ్చు. వాపు తగ్గిందని దాన్నిబట్టి చెప్పలేం. వాపు సంగతి చూడాలంటే వేరే పరీక్ష కావాలి. దాన్ని మొదట ఆరోగ్యవంతుల్లో చేశారు. బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే విషపదార్థాన్ని కొలత ప్రకారం పీల్పిస్తే కొన్ని గంటల్లో గాలి గొట్టాల్లోకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి పడతాయి. మందు ముందే ఇచ్చి ఉంటే అవి తక్కువ రావాలి. ఈ మందుపై 2013లో అచ్చయిన అలాంటి పరీక్షలో ఒక విశేషం ఉంది. కఫంలో న్యూట్రోఫిల్స్ శాతం తగ్గలేదు. మొత్తం కణాల సంఖ్య మాత్రం తగ్గింది, న్యూట్రోఫిల్సే కాదు, మిగతా రకాలు కూడా. అన్నీ కలిసి తగ్గితే శాతం కదలదు కదా. శాతం ఒక్కటే చూసినవాళ్లు మందు పనిచేయలేదని రాసేసేవాళ్లు. కఫం పరీక్ష చేసేవాళ్లు శాతంతో పాటు గ్రాము కఫానికి ఎన్ని కణాలన్నది కూడా రాయాలనడం ఇందుకే.

కఫం రాబట్టడం కూడా తేలిక పని కాదు. 3 నుంచి 5 శాతం ఉప్పునీటిని తుంపరగా మార్చే నెబ్యులైజర్‌తో పీల్పిస్తారు. సీఓపీడీ ఉన్నవాళ్లకు అదే గొట్టాలను బిగించేయగలదు కాబట్టి ముందు గొట్టాలు విప్పే సాల్‌బ్యూటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి, మధ్యమధ్యలో ఊదించి చూస్తూ, ఊదే గాలి 20 శాతం పడిపోతే అక్కడితో ఆపేస్తారు. వచ్చినదాంట్లో ఉమ్మిని వదిలి చిక్కటి ముద్దను మాత్రమే ఏరి, డీటీటీ అనే రసాయనంతో కరిగించి, స్లైడు మీద కనీసం 400 కణాలు లెక్కపెడతారు. నోటి చర్మపు కణాలు ఎక్కువ కనిపిస్తే అది కఫం కాదు, ఉమ్మి. ఆ నమూనాను పారేయాల్సిందే.

మనుషుల దాకా రాకముందే ఇంకో మెట్టు ఉంది. మందు ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే దాని రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. 5 దాటితే గొంతులో అతుక్కుంటుంది, మరీ సన్ననిదైతే ఊపిరితో పాటు బయటికి పోతుంది. దీన్ని కొలిచే యంత్రం ఇంపాక్టర్. ఎన్‌జీఐ అనే రకంలో ఏడు అంతస్తులు ఉంటాయి. గాలి లాగుతుంటే పెద్ద రేణువులు మొదటి అంతస్తుల గిన్నెల్లో, చిన్నవి తర్వాతి అంతస్తుల గిన్నెల్లో పడతాయి. తర్వాత ఒక్కొక్క గిన్నెను కడిగి, ఎక్కడ ఎంత మందు పడిందో హెచ్‌పీఎల్‌సీ అనే రసాయన విశ్లేషణ పద్ధతితో కొలుస్తారు. పొడి మందు పరికరమైతే 4 కిలోపాస్కల్ ఒత్తిడి తేడా వచ్చేలా గాలి వేగం పెట్టి మొత్తం 4 లీటర్లు లాగాలి. వేగం నిమిషానికి 60 లీటర్లయితే సరిగ్గా 4 సెకన్లు. గిన్నెలకు జిగురు పూత వేయడం మరిచిపోతే రేణువులు ఎగిరి తర్వాతి అంతస్తుకు దూకుతాయి, మందు ఉన్నదానికన్నా సన్నగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. నెబ్యులైజర్ మందుకైతే యంత్రాన్ని 5 డిగ్రీలకు చల్లబరిచి నిమిషానికి 15 లీటర్ల వేగంతో నడుపుతారు. వెచ్చని యంత్రంలో తుంపరలు ఆరిపోయి, అక్కడా అదే భ్రమ.

మోతాదు ఎంచుకోవడం తర్వాతి మెట్టు. ఎన్సిఫెంట్రిన్‌కి 0.375, 0.75, 1.5, 3 మిల్లీగ్రాముల మోతాదులు నాలుగు వారాలు పరీక్షించారు. అందరూ అప్పటికే టయోట్రోపియం అనే గొట్టాలు విప్పే పీల్చే మందు వాడుతున్నవాళ్లే. చివరికి 3 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు ఖాయమైంది. చిన్న ప్లాస్టిక్ ఆంప్యూల్‌లో 2.5 మిల్లీలీటర్లుగా వస్తుంది. అది ద్రావణం కాదు, మందు రేణువులు తేలుతున్న నీరు. గట్టిగా కుదపకుండా పోస్తే మందు ఆంప్యూల్ అడుగునే ఉండిపోతుంది. జెట్ నెబ్యులైజర్‌లో, మూతిగొట్టంతోనే పీల్చాలి. మాస్కు పెడితే కొంత మందు ముఖానికి, ముక్కుకి పోతుంది. మామూలు జెట్ నెబ్యులైజర్ కప్పులో ఎంతసేపు నడిపినా అడుగున కొంత మిగిలిపోతుంది కాబట్టి, పరీక్షలో కప్పు రకం, కంప్రెసర్ రకం అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకటే ఉండాలి. ఒకచోట ఒక కంపెనీది, ఇంకోచోట ఇంకోటి వాడితే అందరికీ ఒకే మోతాదు ఇచ్చినట్టు కాదు.

ఇప్పుడు అసలు కొలత. ఒక్క సెకనులో ఊదే గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు. దీన్ని స్పైరోమీటర్‌తో తీస్తారు. రోజూ పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడాలి, తేడా 3 శాతం లోపు ఉండాలి. రోగి కూర్చుని, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, గుండె నిండా గాలి తీసి ఒక్కసారిగా బలంగా ఊదాలి, ఇక గాలి లేదనిపించేదాకా ఆపకూడదు. సరిగ్గా వచ్చినవి కనీసం మూడు ఉండాలి, వాటిలో మంచివి రెండింటి ఎఫ్‌ఈవీ1 మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఎనిమిది ప్రయత్నాల్లోనూ రాకపోతే మామూలుగా ఆ రోజుకి ఆపుతారు. రోగి అలసిపోయాక తీసిన అంకె అలసట అంకె అవుతుంది.

తప్పులు ఎక్కువగా మూడుచోట్ల జరుగుతాయి. మొదలుపెట్టడంలో తడబాటు, నెమ్మదిగా మొదలై తర్వాత బలంగా ఊదడం మొదటిది. గ్రాఫులో గీత నిటారుగా లేవకుండా వాలుగా లేస్తే అది పనికిరాదు. మధ్యలో దగ్గు రెండోది. మొదటి సెకనులో దగ్గు వస్తే ఎఫ్‌ఈవీ1 పోయినట్టే. మూడోది టెక్నీషియన్ గొంతు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, 'ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా' అని చివరిదాకా గట్టిగా ఉత్సాహపరిచే టెక్నీషియన్ దగ్గర వచ్చే అంకె వేరు, ఫోను చూస్తూ నీరసంగా చెప్పేవాళ్ల దగ్గర వచ్చే అంకె వేరు. మొదటిసారి ఒకరు, 12వ వారం మరొకరు పరీక్ష చేస్తే ఆ తేడా మందు ఖాతాలో పడుతుంది. అందుకే పెద్ద పరీక్షల్లో గ్రాఫులన్నీ ఒకేచోటికి పంపి, ఎవరికి ఏ మందు వెళ్లిందో తెలియనివాళ్లతో చూపిస్తారు.

వేళ కూడా ముఖ్యం. ఊపిరితిత్తుల బలం పొద్దునకీ మధ్యాహ్నానికీ మారుతుంది, కాబట్టి ప్రతిసారీ అదే వేళకి రావాలి. పరీక్షకి ముందు రోగి వాడే పంపులు (ఇన్‌హేలర్లు) ఆపాలి: సాల్‌బ్యూటమాల్ 4 నుంచి 6 గంటలు, సాల్మెటరాల్, ఫార్మెటరాల్ లాంటివి 24 గంటలు, టయోట్రోపియం లాంటివి 36 నుంచి 48 గంటలు. ఊరినుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే మనిషి, దమ్ము ఆడక బస్టాండులో రెండు పఫ్‌లు కొట్టుకుంటే తప్పు పట్టలేం. అడిగి, రాసుకుని, ఇంకో రోజు రమ్మనాలి. ప్రయాణ ఖర్చు రెండోసారి కూడా ఇస్తామని ముందే చెప్పి ఉంటే నిజం చెబుతారు. లేకపోతే 'కొట్టుకోలేదండీ' అంటారు.

ఎన్‌హాన్స్‌లో ఒక్క అంకె తీసి ఊరుకోలేదు. 12వ వారంలో మందు పీల్చాక 12 గంటలపాటు మళ్లీ మళ్లీ ఊదించి, గ్రాఫు కింద వచ్చిన వైశాల్యాన్ని 12తో భాగించి సగటు తీశారు. రోగి దాదాపు రోజంతా ఆసుపత్రిలోనే. ఇలా ఒక్కొక్కరి దగ్గర చాలా అంకెలు, అలాంటివాళ్లు వందల మంది ఉంటే, ఒక్క కొలతలోని ఊగిసలాట సగటులో చాలావరకు కరిగిపోతుంది. ఎన్‌హాన్స్-1లో 87కి ఇచ్చిన హద్దులు 55 నుంచి 119. అంటే అసలు తేడా ఆ మధ్యలో ఎక్కడో ఉందని నమ్మొచ్చు, సున్నా కాదని చెప్పొచ్చు. అంతేగానీ ప్రతి రోగికీ 87 పెరుగుతుందని కాదు. మీ నాన్నగారికి 200 పెరగొచ్చు, అసలేమీ పెరగకపోనూవచ్చు.

ఆ పరీక్షల్లోకి ఎవరు వచ్చారు? వయసు 40 నుంచి 80. సాల్‌బ్యూటమాల్ ఇచ్చి ఊదించినా ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదాంట్లో 30 నుంచి 70 శాతమే ఉన్నవాళ్లు, ఆయాసం తెలుస్తున్నవాళ్లు. ఇంకో షరతు: కనీసం 10 ప్యాక్-సంవత్సరాల పొగ. రోజుకి 20 సిగరెట్లు చొప్పున ఒక ఏడాది తాగితే ఒక ప్యాక్-సంవత్సరం. ఈ షరతు ఒక్క ఎన్‌హాన్స్‌దే కాదు, సీఓపీడీ పరీక్షల్లో ఏళ్లుగా పాతుకుపోయిన అలవాటు. ఉబ్బసం ఉన్నవాళ్లు పొరపాటున కలిసిపోకుండా ఇది కాపాడుతుందని కారణం చెబుతారు. కారణంలో న్యాయం ఉంది. కానీ దాంతో ఎవరు బయట ఉండిపోతున్నారో చూడండి. జీవితంలో సిగరెట్ ముట్టకుండా, కిటికీ లేని వంటింట్లో నలభై ఏళ్లు కట్టెలు, పిడకల పొయ్యి ఊదిన ఆడవాళ్లు. మన పల్లెల్లో ఆయాసంతో మంచానపడ్డవాళ్లలో వీళ్లు ఎందరో. వంటచెరకు పొగతో వచ్చే సీఓపీడీని, ఈ జబ్బుకి అంతర్జాతీయంగా వాడే గోల్డ్ మార్గదర్శకాలు 2023లో విడిగా గుర్తించాయి. అయినా వాళ్ల ఊపిరితిత్తుల్లో ఒక కొత్త మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న, పొగతాగే మగవాళ్ల జవాబుతోనే సరిపెట్టుకోవలసి వస్తోంది. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి. మన దగ్గర పరీక్ష పెట్టేవాళ్లు సిగరెట్ లెక్కతో పాటు పొయ్యి దగ్గర గడిపిన గంటలను సంవత్సరాలతో హెచ్చవేసి రాసుకోవచ్చు. బీడీకి, చుట్టకి, శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగకి లెక్క ఎలా కట్టాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఒక్కో డాక్టరు ఒక్కో లెక్క కడితే షరతుకి అర్థమే ఉండదు.

గూని వచ్చినవాళ్ల ఎత్తు సరిగ్గా రాదు, చేతులు బారచాపి ఆ కొలత వాడాలి. ఎత్తు తగ్గించి రాస్తే 'ఉండాల్సిన' ఎఫ్‌ఈవీ1 కూడా తగ్గి, జబ్బు ముదిరిన మనిషి బాగున్నట్టు కనిపిస్తాడు.

నా లెక్కన, పీల్చే మందుల పరీక్షల్లో అన్నిటికన్నా పెద్ద గొయ్యి, మొదటి రోజు ఏం ఆపించారన్నది. పీల్చే స్టెరాయిడ్ల చరిత్ర అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. 2007లో అచ్చయిన టార్చ్ పరీక్షలో 6,000 మందికి పైగా మూడేళ్లు చూశారు. సాల్మెటరాల్ 50, ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ 500 మైక్రోగ్రాములు కలిపి రోజుకి రెండుసార్లు ఇచ్చినవాళ్లలో 12.6 శాతం చనిపోయారు, డమ్మీ తీసుకున్నవాళ్లలో 15.2 శాతం. మందు ప్రభావం ఏమీ లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం, అంటే సంభావ్యత విలువ, 0.052. గీత 0.05 దగ్గర ఉంది కాబట్టి మందు ప్రాణం కాపాడిందని చెప్పలేకపోయారు. ఈ అంకె మీద జరిగినంత వాదన మరో అంకె మీద జరగలేదేమో. కానీ అంతకన్నా ముఖ్యమైన విమర్శ వేరే ఉంది. చేరినవాళ్లలో చాలామంది అప్పటికే పీల్చే స్టెరాయిడ్ వాడుతున్నారు. పరీక్షలో చేరేముందు దాన్ని ఆపించారు. డమ్మీ గుంపులో పడ్డవాళ్లకి ఇది 'మందు ఇవ్వకపోవడం' కాదు, ఉన్న మందు లాగేసుకోవడం. అలాంటివాళ్లకి తొలి నెలల్లో జబ్బు ఎగదన్నితే, ఆ తేడా కొత్త మందు గొప్పతనంలా కనిపిస్తుంది.

2018లో 10,355 మందితో అచ్చయిన ఇంపాక్ట్ పరీక్షలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. మూడు మందులు (గొట్టాలు విప్పేవి రెండు, స్టెరాయిడ్ ఒకటి) కలిసిన పంపు వాడినవాళ్లలో ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 0.91 ఎగదన్నులు, అంటే జబ్బు ఒక్కసారిగా ఎక్కువైన సందర్భాలు, స్టెరాయిడ్ లేని రెండు మందుల పంపుతో 1.21. మంచి తేడాయే. కానీ చేరినవాళ్లలో మూడోవంతుకి పైగా అప్పటికే మూడు మందులూ వాడుతున్నవాళ్లు. వాళ్లలో రెండు మందుల గుంపులో పడ్డవాళ్లకి స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగిపోయింది. దీనికి ఎదురుగా 2014 నాటి విజ్‌డమ్ పరీక్షని పెట్టి చదవాలి. అక్కడ ఆరు వారాలు అందరికీ మూడు మందులూ ఇచ్చి, తర్వాత సగం మందికి స్టెరాయిడ్‌ని 12 వారాల్లో మెట్లుమెట్లుగా తగ్గించారు. ఎగదన్నులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, ఎఫ్‌ఈవీ1 మాత్రం ఏడాది చివరికి స్టెరాయిడ్ ఆపనివాళ్లకన్నా 43 మిల్లీలీటర్లు ఎక్కువ తగ్గింది. ఏ పరీక్ష చదివినా మొదట వెతకాల్సింది ఈ వివరమే: చేరకముందు ఏం వాడేవాళ్లు, చేరిన రోజు ఏం ఆగింది. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకి 300 దాటినవాళ్లకి స్టెరాయిడ్ ఎక్కువగా ఉపయోగపడుతుంది కాబట్టి, ఆపితే నష్టం కూడా వాళ్లకే ఎక్కువ.

ఎన్‌హాన్స్‌కి కూడా ఈ అద్దం పట్టాలి. అందులో గొట్టాలు విప్పే, ఎక్కువసేపు పనిచేసే మందు ఒకటి వాడుతున్నా ఉండొచ్చు, ఏదీ వాడకపోయినా ఉండొచ్చు. అలాంటి మందులు రెండు రకాలు (సాల్మెటరాల్ లాంటిది, టయోట్రోపియం లాంటిది) కలిపి వాడుతున్నవాళ్లని తీసుకోలేదు. అందువల్ల ఇప్పటికే మూడు మందుల పంపు వాడుతున్న మనిషికి దీన్ని కలిపితే ఎంత లాభమో ఈ రెండు పరీక్షల అంకెల్లోంచి తీయలేం.

ఎగదన్ను అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. పరీక్షల్లో వాడే నిర్వచనం సూటిగా ఉంటుంది: ఆయాసం, దగ్గు, కఫం పెరిగి స్టెరాయిడ్ మాత్రలో యాంటీబయాటికో వాడాల్సి వస్తే మధ్యస్థం, ఆసుపత్రిలో చేరితే తీవ్రం. మన ఊళ్లలో ఈ నిర్వచనం జారిపోతుంది. ఆయాసం ఎక్కువైతే రోగి ముందు వెళ్లేది వీధిచివరి ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన ఒక డెరిఫిలిన్, ఒక డెక్సామెథసోన్ ఇంజెక్షన్ వేస్తాడు, చీటీ ఉండదు. నెల తర్వాత పరీక్ష ఆసుపత్రిలో 'ఏమైనా ఇబ్బంది వచ్చిందా' అంటే 'ఏం లేదండీ, ఒక సూది వేయించుకున్నా, తగ్గింది' అంటాడు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంది, నిర్వచనం ప్రకారం అది ఎగదన్నే. లెక్కలోకి రాలేదంతే. 'జబ్బు ముదిరిందా' అని కాదు, 'ఎక్కడైనా సూది వేయించుకున్నారా, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకున్నారా, రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చున్నారా' అని అడగాలి. రెండు వారాలకి ఒకసారి ఫోను చేస్తే జ్ఞాపకం తాజాగా ఉంటుంది. డైరీలు ఇస్తే చాలామంది ఆసుపత్రికి వచ్చే ముందు రోజు రాత్రి కూర్చుని నింపుతారు. అన్ని పేజీల్లో ఒకే పెన్ను, ఒకే తీరు రాత కనిపిస్తే ఆ డైరీ మీద ఆధారపడకూడదు.

ఎన్‌హాన్స్‌లో 24 వారాల్లో ఎగదన్నులు డమ్మీతో పోలిస్తే ఒకదాంట్లో 36 శాతం, ఇంకోదాంట్లో 43 శాతం తగ్గాయి. ఆశ కలిగించే అంకెలే. అయితే ఎగదన్నులు చలికాలంలో పోగవుతాయి. 24 వారాలంటే ఏడాదిలో సగం కూడా కాదు, కాబట్టి ఎవరు ఏ కాలంలో చేరారన్నది రెండు గుంపుల్లోనూ సమానంగా పంచబడాలి. 52 వారాలు చూసిన పరీక్షలంటే నాకు ఎక్కువ నమ్మకం అందుకే. బతుకు ఎలా ఉందో అడిగే ఎస్‌జీఆర్‌క్యూ ప్రశ్నావళిలో ఎన్‌హాన్స్-1లో స్పష్టమైన మెరుగుదల వచ్చింది, ఎన్‌హాన్స్-2లో రాలేదు. ప్రచారంలో మొదటిది మాత్రమే వినిపిస్తుంది.

మందు నిజంగా పీల్చారా? అమెరికాలో లంగ్ హెల్త్ స్టడీ అనే పరీక్షలో కొందరి పంపులకి, వాళ్లకి చెప్పకుండా, ఎప్పుడు నొక్కారో సమయంతో సహా గుర్తుంచుకునే పరికరం అమర్చారు. అలాంటి 101 మందిలో 30 మంది మూడు గంటల్లోపు 100 సార్లకు పైగా పంపు నొక్కినట్టు తేలింది. ఆసుపత్రికి వెళ్లేముందు ఖాళీ చేసి, వాడేశామని చూపించడానికన్నమాట. అంటే తిరిగి తెచ్చిన పంపు బరువు, కౌంటర్ అంకె సాక్ష్యంగా చాలవు. పంపు ఎప్పుడెప్పుడు నొక్కారన్నది తెలియాలి. రోగుల్ని దొంగలుగా చూడకూడదు, డాక్టరు నొచ్చుకుంటాడని భయపడే మనుషులు వాళ్లు. 'ఈ వారంలో ఎన్ని పూటలు మరిచిపోయారు' అని, మరిచిపోవడం మామూలే అన్నట్టు అడిగితే చెబుతారు.

పీల్చే తీరు ప్రతిసారీ చూడాలి, మొదటి రోజు నేర్పించి వదిలేయకూడదు. గ్యాస్ పంపుకి, పొడి మందుకి పద్ధతులు ఒకదానికొకటి విరుద్ధం. పంపు అయితే కుదిపి, ఊపిరి వదిలి, నొక్కుతూనే 4, 5 సెకన్లు నెమ్మదిగా లోపలికి తీసి, 10 సెకన్లు బిగబట్టాలి. రోటాహేలర్ లాంటి పొడి మందు అయితే ఒక్కసారిగా, బలంగా, లోతుగా లాగాలి. పంపుకి అలవాటుపడ్డవాళ్లు పొడిని నెమ్మదిగా లాగుతారు, పొడి గొట్టంలోనే ఉండిపోతుంది. పరికరంలోకి ఊపిరి వదిలితే తేమకి పొడి గడ్డకడుతుంది. వానాకాలంలో క్యాప్సూల్స్ డబ్బా మూత తీసి వదిలేసినా అంతే. క్యాప్సూల్‌ని మాత్రలా మింగేసేవాళ్లు కూడా ఉంటారు, చేతిలో క్యాప్సూల్ పెట్టి నోటితో చెబితే జరిగేది అదే. కాబట్టి చూపించి, ఆయన చేత చేయించి, తప్పులు రాసుకుని, మళ్లీ చేయించాలి. స్టెరాయిడ్ ఉన్న మందయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు. ఈ బొంగురు వల్లే డాక్టర్లు ఎవరికి ఏ మందు పడిందో ఊహించేస్తారు, అందుకే ఊదించే టెక్నీషియన్, దుష్ప్రభావాలు అడిగే మనిషి వేర్వేరుగా ఉండడం మేలు.

మధ్యలో వెళ్లిపోయేవాళ్లు అందరికన్నా విలువైన సమాచారం ఇచ్చేవాళ్లు. టార్చ్‌లో డమ్మీ గుంపులో 44 శాతం మంది మూడేళ్లు పూర్తిచేయకుండా మందు ఆపేశారు, కలిపి ఇచ్చిన గుంపులో 34 శాతం. జబ్బు ముదిరినవాళ్లే డమ్మీ నుంచి ముందు వెళ్లిపోతే, మిగిలిన డమ్మీ గుంపు ఆరోగ్యంగా కనిపిస్తుంది, మందు లాభం ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. మందు ఆపినా మనిషిని వదలకూడదు. టార్చ్‌లో మంచి పని ఏమిటంటే, మందు మానేసినవాళ్లు కూడా బతికున్నారో లేదో మూడేళ్లు చూశారు.

అదే టార్చ్ ఎవరూ ముందుగా వెతకని సంగతిని బయటపెట్టింది. నిమోనియా వచ్చినవాళ్లు కలిపి ఇచ్చిన గుంపులో 19.6 శాతం, ఫ్లూటికాసోన్ ఒక్కటే ఇస్తే 18.3, డమ్మీలో 12.3. వాపుని అణిచే మందు, ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తిని కూడా కొంత అణుస్తుంది కాబట్టి ఇది వినగానే ఆశ్చర్యం వేయదు, కానీ పరీక్ష రాసేటప్పుడు నిమోనియా అంటే ఏమిటో నిర్వచించలేదు, ఎక్స్‌రే తప్పనిసరి అనలేదు. ఇప్పుడు పీల్చే వాపు మందు ఏది పరీక్షించినా, జ్వరం, కఫం రంగు మారడం కనిపిస్తే వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించడం ముందే పద్ధతిలో రాసి ఉండాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టి పది రోజులయ్యాక తీసిన ఎక్స్‌రే ఏదీ తేల్చదు. ఎన్సిఫెంట్రిన్‌కి వచ్చే సమస్యలు వేరు: నడుం నొప్పి, బీపీ పెరగడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, విరేచనాలు. నిద్రలేమి, దిగులు లాంటి మానసిక మార్పులు గమనించాలని కూడా మందు కాగితంలో హెచ్చరిక ఉంది. 'మనసు ఎలా ఉంది' అని ఎవరూ అడగకపోతే ఆయాసం మనిషి తనంతట తాను చెప్పడు.

మన దేశంలో ఇలాంటి పరీక్ష జరిగితే 2019 నాటి నియమాలు వర్తిస్తాయి. సీటీఆర్ఐ అనే మందుల పరీక్షల జాతీయ జాబితాలో నమోదు ముందే జరగాలి, ఆ నమోదు ఎవరైనా చూడొచ్చు. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే 24 గంటల్లో తెలియజేయాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. చదువురానివాళ్లకి కాగితం చదివి వినిపించేటప్పుడు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. తెలుగు కాగితంలో 'యాదృచ్ఛిక కేటాయింపు' అని రాసి వేలిముద్ర వేయించుకోవడం కన్నా, 'ఎవరికి ఏ మందు అన్నది చీటీలు తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది, మీకూ తెలియదు, మాకూ తెలియదు' అంటే అర్థమవుతుంది.

మీ ఇంట్లో ఎవరినైనా ఇలాంటి పరీక్షకి అడిగితే, సంతకానికి ముందు వాళ్ల పంపులన్నీ, మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. వీటిలో ఏది ఆపుతారు, ఏది ఉంచుతారు, ఆపాక ఆయాసం ఎక్కువైతే రాత్రిపూట ఏ నంబరుకి ఫోను చేయాలి, ఏ పంపు కొట్టుకోవచ్చు, పరీక్ష అయిపోయాక పాత పంపు ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి, ఇవి ఒక కాగితం మీద తెలుగులో రాయించుకోండి. ఆ కాగితం ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉంచండి.